ఇటివ్వు, నేను చేస్తా

వీడియో గేమ్‌ల తయారీ నేర్పే ఆ తరగతిలో ఆమెది నలుగురి జట్టు. వయసులో పెద్దది కాబట్టి అందరికీ పెద్దక్క. ఎవరైనా పనిలో తడబడితే చాలు, చొక్కా చేతులు పైకి మడుచుకుని, మెడ ఓ పక్కకు వాల్చి, "ఇటివ్వు, నేను చేస్తా" అంటూ మౌస్ అందుకుంటుంది. అందులో విసుగుండదు, అంతా ప్రేమే. ఎదుటివాడు సగం గీసిన చెట్టు చిటికెలో పూర్తవుతుంది. వాడు కుర్చీ వెనక్కి జరుపుకుని ఆవులిస్తాడు. ఆ ఆవులింత మాత్రం ఎన్నడూ ఆమె కంట పడలేదు.

తాము తయారుచేసిన ఆటను తరగతికి చూపించాల్సిన రోజున పక్క జట్టు అమ్మాయి ఆడటానికి కూర్చుంది. ఆటలో తోడుగా నడిచే ముసలాయన బొమ్మను జట్టులో బొమ్మలు గీసే బొమ్మలవాడు ఆ ఉదయమే తెచ్చి కలిపాడు. పెద్దక్క చెయ్యి పడనిది అదొక్కటే. అమ్మాయి వెతికి వెతికి తాళంచెవి సంపాదించింది. ముసలాయన చొక్కా చేతులు మడుచుకుని, మెడ వాల్చి, దాన్ని లాక్కుని తనే తలుపు తీశాడు. రెండో తలుపు దగ్గరా అంతే. "అన్నీ ఈయనే చేస్తుంటే ఇక నేనెందుకు?" అంటూ ఆ అమ్మాయి లేచి వెళ్లిపోయింది.

పెద్దక్క బొమ్మలవాడి వైపు తిరిగింది. "నన్ను వెక్కిరించడానికే చేశావా?" అని అడిగింది.

బొమ్మలవాడు తెల్లముఖం వేశాడు. "ఒట్టక్కా, కాదు. సాయం చేసే మనిషిని చెయ్యమన్నావుగా. చేస్తుంటే ఆయన చేతులు అలాగే వచ్చాయి."

సరిచేద్దామని వాడు బొమ్మను తెరిచి, ఎక్కడ నొక్కాలో తోచక తడుముకున్నాడు. ఆమె చెయ్యి అప్పటికే మౌస్ మీదికి వెళ్లింది. చొక్కా చేతులు ఎప్పుడు మడుచుకుందో ఆమెకే తెలియదు.