వర్సెనిక్ బామ్మ ఎలుక

బామ్మల పేర్లు మనవరాళ్ళకు పెట్టడం ఎక్కడైనా ఉన్నదే. అరగత్స్ కొండ పడమటి వాలు మీద వర్సెనిక్ బామ్మ పేరును మాత్రం ఒక ఎలుకకు పెట్టారు.

పెట్టింది అరుస్యాక్. యెరెవాన్ నగరంలోని పరిశోధనశాలలో ఎలుకల పుర్రెలు కొలిచి, ఏది ఏ జాతిదో తేల్చడం ఆమె ఉద్యోగం. పెళ్ళీ గిళ్ళీ లేదు. ఏటా గడ్డికోతలు అయ్యాక బోనులు మోసుకుంటూ వచ్చి బామ్మ ఇంట్లోనే దిగేది. ఒక ఏడు గడ్డివామి పక్కన బోనులో పడ్డ కురచ తోక ఎలుకలకు, పై దవడ చివరి పన్ను మీద తాను ఇంకెక్కడా చూడని మడత కనిపించింది. ఇంకేం, కొత్త జాతి! పొంగిపోయి, అన్నం పెట్టిన చేతి పేరే దానికి పెట్టేసింది.

ఆ సంగతి విన్న రోజు బామ్మ చేసిన రభస ఇంతా అంతా కాదు.

"ఎలుకకా? నా పేరా? నీ మొహం మండా! మీ డైరెక్టరు పేరు పెట్టుకోలేకపోయావూ?" అంది, తండూరులో రొట్టె కాలుస్తూనే.

"ఆయన మొహానికి ఎలుక ఎక్కువ బామ్మా."

బామ్మ నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత చూడాలి ఆవిడ దర్జా! పిల్లిని గడ్డివామి దరిదాపులకు రానిచ్చేది కాదు. బంగాళాదుంపలన్నీ కొట్టేస్తున్నాయని పక్కింటి గిరాగోస్ మందు పెట్టబోతే, "నా పేరున్నవాటి జోలికొచ్చావో, కాళ్ళు విరగ్గొడతా" అని కర్ర తీసింది. పాపం, ఆవిడకు మాత్రం ఇంకెవరున్నారు? చిన్నపిల్లగా ఉన్నప్పుడు సరిహద్దు అవతలి ముష్ అనే ఊళ్ళో ఊచకోత జరిగితే ప్రాణాలు దక్కించుకుని వచ్చిన మనిషి. అమ్మానాన్నలు అక్కడే పోయారు. కట్టుకున్నవాడూ, ఒక్కగానొక్క కొడుకూ యుద్ధంలో పోయారు. తన పేరు చెప్పుకోవడానికి ఆ ఎలుకే మిగిలింది.

ఎంత మంచి రోజులవి! సాయంత్రం గడప మీద కూర్చుని వేడివేడి పెరుగు జావ తాగుతూ, ఒకరినొకరు దెప్పుకుంటూ ఉంటే అరుస్యాక్‌కు నగరం గుర్తొచ్చేదే కాదు.

ఇలా ఉండగా లెనిన్‌గ్రాడ్ మ్యూజియం నుంచి ఒక పెట్టె అరువుగా వచ్చింది. ఎప్పుడో ఒక యాత్రికుడు ముష్ కొండల్లో పట్టిన ఎలుకల పుర్రెలు. ముసలివాటి పళ్ళ మీద ఆ మడత లేదు. లేతవాటికి ఉంది! పన్ను అరిగేకొద్దీ మడత మాసిపోతుందన్నమాట. కోతల తర్వాత అరుస్యాక్ బోనుల్లో పడ్డవన్నీ ఆ ఏడు పుట్టిన కూనలే. తన కొత్త జాతి కొత్తదీ కాదు, పాడూ కాదు. అది ఎప్పుడో పేరు పెట్టేసిన ముష్ ఎలుకే. మొదట పెట్టిన పేరే నిలవాలి కాబట్టి బామ్మ పేరు కొట్టేయక తప్పదు.

పెట్టె మూసి తిరిగి పంపేస్తే అడిగే నాథుడు లేడు. అయినా కళ్ళారా చూసినదాన్ని చూడలేదనడం ఆమెకు చేతకాలేదు. తప్పు ఒప్పుకుంటూ వ్యాసం రాసి అచ్చుకు పంపింది. అసలు కష్టం అది కాదు. ఈ మాట బామ్మ మొహం మీద ఎలా చెప్పడం? తిండి సహించక, ఆఖరికి బస్సెక్కింది.

"ఏమే, కోతలు కాకుండానే ఊడిపడ్డావ్? ఆ మొహమేంటి అలా పీక్కుపోయింది?" అంది బామ్మ.

అరుస్యాక్ నేల చూపులు చూస్తూ అంతా చెప్పేసింది.

"అయితే అది నాది కాదా?"

"కాదు బామ్మా. తప్పు నాదే. నీకు లేనిపోని ఆశ పెట్టాను."

బామ్మ పిండి చేతులు కడుక్కుని వచ్చి గడప మీద కూలబడింది. "మరి ఎవరిదట?" అంది నీరసంగా.

"ముష్ కొండల్లో దొరికినదానికి పాత పేరుంది. అదీ ఇదీ ఒకటే."

బామ్మ తలెత్తింది. "మా ముష్‌లోనా?"

"ఆఁ. పక్కపక్కన పెట్టి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు."

"మా అమ్మ పాల కుండల చుట్టూ తిరిగేవి, కురచ తోకలేసుకుని. నేను చీపురుతో తరిమేదాన్ని. అవేనంటావా?"

"అవే బామ్మా."

వర్సెనిక్ బామ్మ అరుస్యాక్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మా ఊరిది చిన్న పుల్ల కూడా నాకు మిగల్లేదని ఇన్నేళ్ళూ కుళ్ళి కుళ్ళి ఏడ్చానే! కొట్టెయ్యి తల్లీ, నా పేరు కొట్టెయ్యి. ముష్ ఎలుక అనే రాయి."