వీపు సార్

మదనపల్లెలో హరినాథ్ సార్ ముఖం చూసినవాళ్లకంటే వీపు చూసినవాళ్లే ఎక్కువ. ఎదుటివాడు ఏ మీట నొక్కబోయినా ఆయన గిరుక్కున వెనక్కి తిరుగుతాడు. ఎస్టీడీ బూతులో ఎవరైనా నంబరు నొక్కుతుంటే తిరుగుతాడు. ఏటీఎంలో ఎవరైనా డబ్బు తీస్తుంటే తిరుగుతాడు. బట్టల కొట్లో సేటు క్యాలిక్యులేటరు పట్టుకున్నా తిరుగుతాడు. తను తిరిగి ఊరుకుంటే బాగుండేది, పక్కవాళ్లను కూడా భుజాలు పట్టి తిప్పేవాడు. ఊరు ఆయనకు 'వీపు సార్' అని పేరు పెట్టి చేతులు దులుపుకుంది. పేర్లు పెట్టడంలో మా ఊరికి ఉన్న చురుకు ఇంకే పనిలోనూ కనపడదు.

ఆయనది టైపు ఇన్‌స్టిట్యూట్. తొంభైల మొదట్లో నేను టైపు లోయర్ పరీక్ష పాసయింది అక్కడే. "కీబోర్డు పక్క యాల సూస్తావప్పా? ఆడేమన్నా పెండ్లికూతురు కూసోనుండాదా?" అని స్కేలుతో వేళ్ల మీద తట్టేవాడు. నా పక్క మిషన్ మీద కుసుమ అనే అమ్మాయి కూర్చునేది. ఆ సంగతి ఇక్కడ అనవసరం. తర్వాత కంప్యూటర్లొచ్చాయి. టైపు మిషన్లు పాత ఇనుము కింద తూకానికి పోయాయి. సార్ అదే హాల్లో నాలుగు పాత కంప్యూటర్లు పెట్టుకుని నెట్టుకొచ్చాడు. నేను ఆ హాలు కిందే విత్తనాల అంగడి తెరిచాను. కాబట్టి ఆయన వీపు గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఒకసారి ఏటీఎం దగ్గర క్యూ మొత్తాన్నీ రోడ్డు వైపు తిప్పేశాడు. సరిగ్గా అప్పుడే ఎస్సై జీపు వచ్చింది. జనమంతా వరసగా నిలబడి తన వైపే చూస్తుంటే ఎస్సై బండి ఆపించాడు.

"ఏమి? ఎవురి కోసరం నిలబడుండారు?"

"లోపల ఒకాయన నంబరు నొక్కతాండాడు సార్. ఎవురూ సూడకూడదని" అన్నాడు హరినాథ్ సార్.

ఎస్సై, లోపల ఉన్నవాడు దొంగేమో అని వాణ్ని పట్టుకుని విచారించాడు. పాపం, వాడు పెన్షన్ తీసుకోవడానికి వచ్చిన రిటైర్డ్ తపాలా ఉద్యోగి.

ఇలా నవ్వుకుంటూ ఉండగానే పురుషోత్తం అనే పిల్లాడి సంగతి జరిగింది. అప్పటికి ఇంజనీరింగ్ కాలేజీలను పిల్లలే కంప్యూటర్లో ఎంచుకునే పద్ధతి కొత్తగా వచ్చింది. చుట్టుపక్కల పల్లెల పిల్లలంతా పుంగనూరులో మురళీధర్ నెట్ సెంటర్‌కి పోయేవాళ్లు. మురళీధర్ మర్యాదస్తుడు. పిల్లలు మర్చిపోతారని అందరికీ ఒకటే పాస్‌వర్డు పెట్టిచ్చేవాడు. అది తన అంగడి పేరే. బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి ఉంటుంది కూడా. పురుషోత్తం మంచి కాలేజీలు ఎంచుకుని ఇంటికి పోయాడు. ఆఖరి రోజున ఎవరో తీరిగ్గా వాటిని మార్చేశారు. సీటు హైవే పక్కన కొత్తగా లేచిన ఒక కాలేజీలో వచ్చింది. దానికి గేటు ఉంది, గోడలు ఇంకా లేవలేదు. వాడు పోలేదు. ఇప్పుడు టమోటా మార్కెట్లో బాక్సులు మోస్తున్నాడు. ఆ కాలేజీ ఏజెంటు ఆదినారాయణ మాత్రం ఆ సంవత్సరమే కారు కొన్నాడు.

హరినాథ్ సార్‌కి ఒళ్లు మండిపోయింది. నెట్లో పోరాటం మొదలుపెట్టాడు. వేగంలో ఆయన్ని మించినవాడు జిల్లాలో లేడు కాబట్టి పొద్దునే ఖండించేవాడు, మధ్యాహ్నం తీవ్రంగా ఖండించేవాడు. కనపడిన ప్రతి ఆఫీసుకీ మెయిలు కొట్టాడు. నెట్లో తన ఫోటో తీసేసి నల్లరంగు పెట్టాడు. వీపు ఫోటో పెట్టుంటే కనీసం మావాళ్లైనా గుర్తుపట్టేవాళ్లు. పిల్లల పాస్‌వర్డులకు రక్షణ కావాలని ఒక విన్నపం పెడితే దాని కింద సంతకం చేసినవాళ్లలో ఒకడు బ్రెజిల్ దేశస్థుడు. మదనపల్లె నుంచి నేనొక్కణ్నే. అదీ ఆయన నా పక్కన నిలబడి చేయించాడు.

ఒకరోజు పురుషోత్తం తండ్రి మునస్వామి మెట్లెక్కి వచ్చాడు. చెప్పులు బయటే విడిచాడు.

"సార్, మావోని కోసరం కంప్యూటర్లో పోట్లాడతాండావంట గదా. ఎంతవరకు వచ్చినాది? సీటిస్తారంటనా?"

అక్కడ ఎవరూ ఏ మీటా నొక్కడం లేదు. అయినా సార్ గోడ వైపు తిరిగాడు. మునస్వామి కాసేపు ఆ వీపును చూసి, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. నాకు సార్ మీద జాలి, ఊరి మీద అసహ్యం ఒకేసారి కలిగాయి.

మరుసటి ఏడు సీట్ల కాలం రాగానే సార్ ఖండించడం మానేశాడు. పొద్దున బస్సుకు పుంగనూరు పోయి మురళీధర్ నెట్ సెంటర్ గుమ్మంలో నిలబడ్డాడు. వచ్చిన పిల్లలను వచ్చినట్టే బస్సెక్కించి తన హాలుకు తీసుకొచ్చాడు.

"నా యాపారం యాల సెడగొడతావు సార్?" అని మురళీధర్ మొత్తుకున్నాడు.

"నువ్వు బోర్డు మీద పేరన్నా మార్సు, పాస్‌వర్డన్నా మార్సు!"

అలా వచ్చినవాళ్లలో సదుం దగ్గరి పల్లె నుంచి గంగులప్ప, అతని కూతురు మేఘన ఉన్నారు. గంగులప్ప కూలి పని చేసి చేసి, ఈమధ్యే ఒక ఆఫీసులో అటెండరయ్యాడు. వాళ్ల ఇంట్లో ఇంటర్ దాటింది మేఘన ఒక్కతే.

"కుప్పంలో అయితే మా యక్క కుప్పమ్మ ఉండాది సార్. ఆడ తిని సదువుకుంటాది. ఇంగ యాడ సీటొచ్చినా హాస్టలుకు నేను కట్టలేను. పిల్ల ఇంటికాడ ఉండాల్సిందే" అన్నాడు గంగులప్ప.

"పాస్‌వర్డు ఎవురికన్నా చెప్పినారా?"

"ఆదినారాయణకి చెప్పినా. మీకెందుకు కష్టం, మేమే కొడతాము అన్నాడు."

సార్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. మేఘనను కుర్చీలో కూర్చోబెట్టాడు. "అమ్మా, ఇప్పుడు కొత్తది పెట్టుకో. అది నీకొక్కదానికే తెలియాల. మీ నాయనకి గూడా చెప్పొద్దు."

గంగులప్ప ముఖం చిన్నబోయింది. "కన్నతండ్రికి గూడానా?"

"ఆదినారాయణ ఒక టీ ఇప్పిచ్చి అడిగితే చెప్పేస్తావప్పా నువ్వు."

గంగులప్ప ఆలోచించాడు. "బన్ను గూడా ఇప్పిచ్చినాడు సార్, పోయిన తూరి" అని ఒప్పుకున్నాడు.

గంగులప్ప, నేను, సార్ ముగ్గురం గోడ వైపు తిరిగి నిలబడ్డాం. వెనక మేఘన ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటూ టక్కు... టక్కు... మని కొడుతోంది. సార్ పళ్లు బిగించి ఓర్చుకున్నాడు. చివరికి ఆయన వల్ల కాలేదు. "అన్ని వేళ్లూ వాడమ్మా! దేవుడు పది ఇచ్చినాడు!" అని గోడ మీద కేకేశాడు.

ఆఖరి రోజున ఆదినారాయణ గంగులప్పకు ఫోను చేశాడు.

"ఏమప్పా, పాస్‌వర్డు పని చెయ్యలేదే?"

"నాకు తెలీదు సామీ. నేను గోడ సూస్తా ఉండినా" అన్నాడు గంగులప్ప నిజాయితీగా.

మేఘనకు కుప్పంలోనే సీటొచ్చింది. దానికి ఊరు ఏమందో తెలుసా? వీపు సార్‌కి కుప్పం నుంచి కమిషనట! పిల్లల పాస్‌వర్డులన్నీ దొంగిలిస్తున్నాడని మురళీధర్ ప్రచారం చేశాడు. ఆదినారాయణ తన కాలేజీలో మిగతా సీట్లు వేరే పల్లెల పిల్లలతో నింపుకుని బస్టాండులో ఫ్లెక్సీ కట్టించుకున్నాడు. మా ఊళ్లో దొంగకు ఫ్లెక్సీ, మంచివాడికి అనుమానం. నాకైతే విత్తనాలు అమ్మడం మీద కూడా విరక్తి పుట్టింది.

ఆ కోపంలోనే ఒక ఆదివారం సార్‌ని కాఫీకి ఇంటికి పిలిచాను. మా ఆవిడ ఇందిరమ్మ పక్కనే ఉంది. "సార్, పిల్లలు జాగ్రత్తగా ఉండాల, సరే. నువ్వేమీ దొంగవు కాదే. నువ్వు యాల తిరగతావు?" అని అడిగేశాను.

సార్ గ్లాసు కింద పెట్టాడు. "నాకు తెలిసిపోతాదప్పా. ముప్పై ఏండ్లు వేళ్లే సూసినా. ఎవురైనా కొడతాంటే ఏం కొడతాండారో నాకు వద్దన్నా కనపడతాది. అందుకే తిరగతాను. జనాన్ని కాపాడాల్సింది మొదట నా కండ్ల నుంచే."

"అంటే ఎవురిదీ సూడలేదా?"

"ఒకాయనది సూసినా. కొత్తగా మెయిలు తెరిసే దినం పక్కనే నిలబడుంటిని. అప్పుటికి నాకు తిరిగే అలవాటు లేదు. ఆ దినం నుంచే తిరగతాండా." ఇందిరమ్మ వైపు ఒకసారి చూసి, పాఠం చెప్పే గొంతుతో మెల్లగా అన్నాడు: "కుడిచెయ్యి నడిమి వేలు. కుడి చూపుడు వేలు. ఎడమ ఉంగరపు వేలు. మళ్లీ కుడి చూపుడు వేలు, ఇంకోసారి అదే వేలు కింది వరసలో. ఆఖరున ఎడమ చిటికెన వేలు."

ఆయన దగ్గర నేర్చుకున్నవాణ్ని కదా, బల్ల మీద నా వేళ్లు వాటంతటవే కదిలాయి. కుసుమ. నా మెయిలు పాస్‌వర్డు అదే. ఆమె పెళ్లి చేసుకుని పలమనేరు వెళ్లిపోయి ఎన్నేళ్లయిందో. ఆ మనిషితో నేను నాలుగు మాటలైనా మాట్లాడి ఎరగను.

"ఎవురిది సార్ అది?" అంది ఇందిరమ్మ.

"పాత స్టూడెంటుదిలేమ్మా. మంచోడే."

నేను లేచి మూలనున్న కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సార్ అప్పటికే గోడ వైపు తిరిగిపోయాడు.

"అమ్మా ఇందిరమ్మా, నువ్వు గూడా తిరుగు."

"నేను యాల సార్? మా యాయన దాంట్లో ఏముంటాది? టమోటా విత్తనాలు తప్ప" అని నవ్వుతూనే తిరిగింది.

నేను కొత్త పాస్‌వర్డు కొట్టాను. సార్ గోడ వైపే ముఖం పెట్టి ఆ చప్పుడు విన్నాడు.

"ఈ తూరి కొంచెం పొడుగు పేరే పెట్టినావప్పా" అన్నాడు. "ఇంటికి మంచిది."