ఊపిరి వెంట కమాను

మా మేనత్తను ఆ ఆసుపత్రిలో అందరూ వయొలినమ్మ అంటారు. నయం కాదని తేలినవాళ్ళను చివరి రోజుల్లో నొప్పి తెలియకుండా చూసుకునే చోటు అది. పద్నాలుగు మంచాలు, పొడుగాటి వరండా, ఎప్పుడూ సగం మూసి ఉండే కిటికీలు. అత్తయ్య వారానికి నాలుగు రోజులు అక్కడికి వెళ్ళి మంచాల పక్కన కూర్చుని వయొలిన్ వాయిస్తుంది. శ్రుతిపెట్టె మోసుకుని వెనక నేను వెళ్తాను. అమ్మ పోయి, తొమ్మిదో తరగతిలో చదువు ఆగిపోయి అత్తయ్య ఇంటికి వచ్చినప్పటి నుంచీ నా పని అదే. పెట్టె తిత్తిని చేత్తో నొక్కుతూ ఒకే స్వరం ఆగకుండా పలికించాలి. మాట్లాడే పని లేదు కాబట్టి నాకు సరిపోయింది.

అత్తయ్య కూర్చోగానే వాయించదు. ముందు మంచం మీది మనిషి ఊపిరి వింటుంది. ఊపిరి లోపలికి వెళ్ళేటప్పుడు తీగల మీద కమాను ఒకవైపు సాగుతుంది, బయటికి వచ్చేటప్పుడు రెండోవైపు. ఊపిరి తొందరపడితే పాట కూడా తొందరపడుతుంది. తర్వాత ఆమె కమానును కొంచెం కొంచెంగా నిదానిస్తే ఊపిరి ఆమె వెనకాలే నిదానిస్తుంది. ఎగశ్వాసతో మంచం ఊగిపోయే మనుషులు అరగంటలో నిద్రపోవడం నేను చూశాను.

ఒక్కోసారి ఊపిరి ఆమె వెనక రాదు. సన్నగిల్లుతుంది, ఆగుతుంది, మళ్ళీ పెద్దగా మొదలవుతుంది. అది ఆగినప్పుడు కమాను కూడా తీగ మీంచి లేచి గాలిలో ఆగిపోతుంది. ఎంతసేపు ఆగిందో నేను మనసులో లెక్కపెట్టేదాన్ని. పది దాటితే పెద్ద సిస్టర్ బయటికి వెళ్ళి ఇంటివాళ్ళకు ఫోన్ చేసేది. ఒకటి రెండు రోజులు అటూఇటూగా ఆ మనిషి పోయేవారు, ఆ కమాను ఎప్పుడూ తప్పలేదు. అందుకే మంచాల చుట్టూ కూర్చున్న బంధువులు పాట వినేవారు కాదు. కమాను వైపే చూసేవారు.

ఈ సంగీతానికి ఖర్చు పెట్టే దాత నిరుడు మానేశాడు. ఏడాది చివరికి విరాళాలు రాకపోతే ఆపేయక తప్పదని ఆఫీసువాళ్ళు చెప్పారు. ఆ మాట విని, మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చి వరండా బల్ల మీద కునుకు తీస్తున్న మామయ్య లేచి కూర్చున్నారు.

"హాలు తీసుకోండి. మా ఆవిడ వాయిస్తుంది. మూడొందల టిక్కెట్లు నేనమ్ముతా. ముప్పై రెండేళ్ళు బస్సులో టిక్కెట్లు కొట్టిన చెయ్యి ఇది. నిలబడ్డానికి చోటు లేని బండిలో నలభైమందిని ఎక్కించాను, హాలొక లెక్కా?"

మర్నాటి నుంచి కండక్టర్ సంచీ భుజాన వేసుకుని వీధులు పట్టారు. తోడు నేను. దర్జీ అడిగాడు, "కండక్టర్‌గారూ, పోయేవాళ్ళకి వాయించే పాటలంట కదా, మాకు ఏడుపొస్తే?"

"ఏడిస్తే సగం టిక్కెట్టు వాపసు. ముందు పూర్తి టిక్కెట్టు తీసుకో."

దర్జీ నవ్వి రెండు తీసుకున్నాడు.

అపార్ట్‌మెంట్ల మెట్లెక్కేటప్పుడు మామయ్య ప్రతి అంతస్తులోనూ ఆగి గోడ మీది కరెంటు మీటర్లను శ్రద్ధగా చూసేవారు. మొదట్లో నాకు అర్థం కాలేదు.

"ఏం చూస్తున్నారు మామయ్యా?"

"ఎవరింట్లో ఎక్కువ కాలుతుందో చూసుకుంటే ఎవరు టిక్కెట్టు కొంటారో తెలిసిపోతుందే పిచ్చిమొద్దూ."

ఆ మాట అనడానికి ఆయన మూడుసార్లు ఊపిరి తీసుకున్నారు. సాయంత్రం మేజోళ్ళు విప్పితే చీలమండల చుట్టూ పడ్డ అచ్చు రాత్రి భోజనాల దాకా పోయేది కాదు.

పదకొండో తారీకు మధ్యాహ్నం అత్తయ్య ముందుగదిలో సాధన చేస్తోంది. మామయ్య వాలుకుర్చీలో నిద్రపోయారు. నేను తిత్తి నొక్కుతున్నాను. చురుకుగా సాగుతున్న పాట ఎందుకో మెత్తబడింది. కమాను సాగింది, వెనక్కి వచ్చింది, లేచింది, గాలిలో ఆగింది. అలవాటుకొద్దీ లెక్కపెట్టాను. ఏడు. అప్పుడు కుర్చీలోంచి పెద్ద ఊపిరి వినిపించింది, కమాను దిగింది.

అత్తయ్య కళ్ళు తెరిచి మామయ్య వైపు చూసింది. వయొలిన్ పెట్టెలో పెట్టేసింది.

మర్నాటి నుంచి వెనకగదిలో తలుపు మూసుకుని, శ్రుతి లేకుండా ఒక్కతే సాధన చేసింది. "అక్కడ గాలాడదు కదత్తయ్యా" అన్నాను.

"చప్పుడుకి ఆయన నిద్ర చెడుతోంది."

ఆ చప్పుడులోనే ఆయన ముప్పై ఏళ్ళుగా నిద్రపోతున్నారు.

నేను మాత్రం మధ్యాహ్నాలు ముందుగదిలో పనేదో కల్పించుకుని కూర్చునేదాన్ని. ఆయన ఊపిరి ఆగినప్పుడు లెక్కపెడితే తొమ్మిదైంది. ఆ తర్వాతి వారం ఒకసారి పది దాకా పోయింది. ఒకరోజు వంటింట్లో ధైర్యం చేసి, "అత్తయ్యా, మామయ్య ఊపిరి..." అన్నాను. ఆమె కుళాయి పూర్తిగా తిప్పేసింది. "ఆ గిన్నె ఇలా ఇయ్యి" అంది. గిన్నె కడిగిందే కడిగింది.

మామయ్యతోనూ అన్నాను, డాక్టరుకు ఒకసారి చూపించుకోమని. ఆయన నాకేసి వింతగా చూశారు.

"నీ నోట్లో నువ్వుగింజ నానడమే కాదు, మొలకెత్తి చెట్టవుతుందనుకున్నానే. మాట్లాడావే ఇవాళ. గ్యాస్ అమ్మా. కచేరీ అయ్యాక చూద్దాంలే."

పెద్ద సిస్టర్‌కి చెబుదామని రెండుసార్లు ఆమె గది దాకా వెళ్ళాను. రెండుసార్లూ ఆమె "ఏమ్మా?" అంటే మంచినీళ్ళడిగి తాగి వచ్చాను.

కచేరీ రోజు హాలు నిండిపోయింది. తెర సందులోంచి ఆ తలలన్నీ చూసి తెర వదిలేశాను. అత్తయ్య వెనక కూర్చుని శ్రుతిపెట్టె నొక్కాల్సింది నేనే. మంచాల పక్కనైతే నన్నెవరూ చూడరు. నావల్ల కాదని మూలకు నక్కాను.

"సరే, సిగ్గుపడి చచ్చేలా ఉన్నావు. ఇలా తే" అని మామయ్య పెట్టె లాక్కున్నారు. "తిత్తి నొక్కడానికేముంది? బస్సు హారన్ నొక్కినట్టే."

అత్తయ్య ఆయన్ను చూసింది. ఏదో అనబోయింది. ఇంతలో తెర లేచింది.

ఆయన ఆమె వెనక మూరెడు దూరంలో కూర్చున్నారు. మొదటి రెండు పాటలూ బాగా సాగాయి. మూడోది చురుకైన పాట. మధ్యలో అది మెత్తబడింది. చప్పట్లకు అలవాటైన జనం కళ్ళు మూసుకుని తలలు ఊపారు. కమాను సాగింది, వెనక్కి వచ్చింది, లేచి గాలిలో ఆగింది. ముందు వరసలో ఎవరో "ఆహా" అన్నారు.

ఎనిమిది. తొమ్మిది. అత్తయ్య మెడ వెనక చెమట మెరుస్తోంది. కమాను దిగింది, రెండు ఊపిర్లు నడిచి మళ్ళీ లేచింది. మామయ్య చెయ్యి మాత్రం తిత్తిని నొక్కుతూనే ఉంది, పెదవులు నీలంగా ఉన్నాయి. పన్నెండు. హాలులో చీమ చిటుక్కుమనలేదు. అంత గొప్పగా వాయిస్తోందని వాళ్ళనుకున్నారు. మూడో వరసలో పెద్ద సిస్టర్ మాత్రం నిటారుగా కూర్చుంది.

పదమూడు దాకా ఉండలేకపోయాను. స్టేజీ మీదికి ఎలా వెళ్ళానో తెలియదు. మామయ్య చేతి మీద చెయ్యి వేసి తిత్తి ఆపాను. శ్రుతి ఆగిపోయేసరికి ముందున్న మైకులోంచి ఆయన ఊపిరి హాలంతా వినిపించింది, తడి బట్టను గీరినట్టు.

"మామయ్యా, లేవండి."

"ఇంకా రెండు పాటలున్నాయి కదే. జనం ఉన్నారు."

సిస్టర్ అప్పటికే మెట్లెక్కి వస్తోంది. అత్తయ్య వెనక్కి తిరగలేదు. కమాను ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. నేను ఆమె భుజం పట్టుకుని లేపాల్సి వచ్చింది.

అత్యవసర విభాగంలో కుర్ర డాక్టరు మామయ్య చీలమండ మీద బొటనవేలితో నొక్కాడు. గుంట పడింది, పూడలేదు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

మామయ్య ముఖం మీది మాస్కు పక్కకు జరిపారు. "ఇవాళే బాబూ. స్టేజీ ఎక్కడం అలవాటు లేదు, అంతే."

"ఇది ఒక్కరోజుది కాదండీ. గుండె బాగా అలిసిపోయింది."

"పోయిన నెల పదకొండో తారీకు" అంది అత్తయ్య. మంచం కాళ్ళ దగ్గర నిలబడి నేలను చూస్తూ చెప్పింది. "మధ్యాహ్నం రెండు దాటింది. అప్పుడు మొదటిసారి విన్నాను."

డాక్టరు రాయడం ఆపాడు. "అప్పుడే తీసుకొస్తే బాగుండేదమ్మా" అని మళ్ళీ రాసుకున్నాడు.

మామయ్య తల తిప్పి ఆమెను చూశారు. "విన్నావా?"

అత్తయ్య తల ఊపింది.

"మరి చెప్పలేదేం?"

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది. ఆయన నా వైపు తిరిగారు. నేను ఆమెకంటే ముందే తల దించుకుని ఉన్నాను. అది చూశాక ఆయన మాస్కు తనే సర్దుకున్నారు.

ఎవరో వచ్చి మమ్మల్నిద్దరినీ బయట బల్ల మీద కూర్చోమన్నారు. ఆ విభాగానిది బరువైన తలుపు, అంచుకు రబ్బరు ఉంది. వేయగానే లోపలి చప్పుడు మొత్తం ఆగిపోయింది. అత్తయ్య చాలాసేపు ఆ తలుపుకు చెవి పెట్టి నిలబడింది. తర్వాత నా పక్కన వచ్చి కూర్చుని, "నీకేమైనా వినిపిస్తోందా?" అని అడిగింది.

లేదని చెప్పాను.