జిప్పులమ్మ కుట్టిన గుడారం

మా వదినని వీధిలో అందరూ జిప్పులమ్మ అంటారు. ఇంటి ముందు గదిలో కుట్టుమిషన్ వేసుకుని కూర్చుంటుంది. బట్టలు కుట్టేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు గానీ, ప్యాంటు జిప్పు ఊడినా, బడిసంచీ నోరు తెరిచినా, చలికోటు మూసుకోనని మొండికేసినా అందరూ ఆవిడ దగ్గరికే వస్తారు. కిటికీ గట్టు మీద ఒక గాజు సీసా నిండా రన్నర్లు పోసి ఉంటాయి. రన్నరంటే జిప్పు మీద పైకీ కిందికీ జారే ముక్క. వేళ్లతో పట్టుకుని లాగడానికి దానికి ఒక నాలిక ఉంటుంది. ఈ కథంతా ఆ నాలిక చేసిన నిర్వాకమే కాబట్టి ముందే చెప్పి పెడుతున్నాను.

ఇవాళ పొద్దున ఆ గదిలో దండెం మీద ఉతికిన గుడారం ఆరేసి ఉంది. మాది చలి ఊరు, ఎండాకాలం పోగానే బయట చెట్లు ఆకులు రాల్చడం మొదలుపెట్టాయి. గుమ్మం ఊడ్చి వెనక్కి తిరిగేలోపు మళ్లీ నాలుగు రాలుతున్నాయి. గుడారాన్ని ఎంత ఉతికినా పొగ వాసన పోలేదు. పోకపోతేనే బాగుండునని నాకు లోపల ఉంది.

మా అన్నయ్య బస్సు డ్రైవరు. పోయిన చలికాలం బండి నడుపుతుండగా గుండె పట్టేసింది. బస్సును నెమ్మదిగా రోడ్డు పక్కకు తీసి, బ్రేకు వేసి, అప్పుడు పడిపోయాడు. ఎక్కినవాళ్లలో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. ఆపరేషన్ బాగా జరిగింది, గుండె గట్టిగానే ఉంది, రోజూ నడవాలి అన్నాడు డాక్టరు. కానీ మనిషి గేటు దాటితే ఒట్టు. ఒక చెయ్యి గేటు మీద వేస్తే చాలు, రెండోది ఛాతీ మీదకు పోయేది. ముఖం పాలిపోయేది. తిరిగొచ్చి మిషన్ వెనక కుర్చీలో కూలబడేవాడు.

డిపో మేనేజరు మంచివాడే. "ఎండాకాలం అయ్యేదాకా చూస్తాం. బండి ఇవ్వం, ఆఫీసులో కూర్చుంటే చాలు. కానీ తనంతట తను రావాలి మరి" అని కబురు పంపాడు. ఉద్యోగం సంగతి అటుంచితే, మా అన్నయ్య ఆ కుర్చీలోనే ముసలాడైపోతాడని మా భయం. నేను పక్క వీధిలోనే ఉంటాను కనుక రోజూ వచ్చి సణిగేదాన్ని. నా నోటికి జడిసి పిల్లులు గోడ దిగేవి గానీ ఆయన కుర్చీ దిగలేదు.

వదిన సణగలేదు. ఎవరో ఒక పాత గుడారం తెచ్చి, "ఇది బాగుపడేలా లేదంటే పారేయండి" అని వదిలేసి పోతే, దాన్ని ముందేసుకుంది. చిరుగులకు అతుకులు వేసింది. కింద మందపాటి గుడ్డ చుట్టూ కలిపి కుట్టేసింది. ఒక మూల మాత్రం గుడ్డ చాలక జానెడు మేర వదిలేసింది. గుమ్మానికి కొత్త జిప్పు వేసింది.

"ఏమండీ, ఆదివారం వాగు దగ్గరికి పోదాం. నేనొక పక్కా మీ చెల్లెలొక పక్కా ఉంటాం. మీరు గాలి పీలిస్తే చాలు" అంది.

అలా మొదలైంది మా ఎండాకాలం. ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని, దొంగను తీసుకెళ్లే పోలీసుల్లా అన్నయ్యను నడిపించుకుపోయేవాళ్లం. ఓ వారం అద్దె పడవ ఎక్కి, నేను ముందుకూ వదిన వెనక్కీ తెడ్లు వేసి, ఉన్నచోటే గిరగిరా తిరిగాం. ఇంకో వారం కొండ దారి తప్పి ఎవరిదో కూరగాయల తోటలో దిగాం. తోటవాడు మా మీదికి కుక్కను వదలబోయి, వదినను గుర్తుపట్టి, "అమ్మా, నా కోటు జిప్పు ఎప్పుడిస్తారు?" అని అడిగాడు. ఒకసారి పొయ్యి రాజేసి టీ పెట్టేలోపు చక్కెర అంతా చీమలపాలైంది. అన్నయ్య నవ్వేవాడు, తినేవాడు, కానీ మా ఇద్దర్లో ఒకరం కాస్త దూరం జరిగితే చాలు, చెయ్యి మళ్లీ ఛాతీ మీదే. ఎండాకాలం సగం అయిపోయింది. మాకు లోపల బెంగ పెరుగుతూనే ఉంది.

అప్పటిదాకా గుడారం గుమ్మాన్ని గాలి కోసం తెరిచే ఉంచాం. ఆ ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఉన్నట్టుండి వాన అందుకుంది. ముగ్గురం లోపలికి దూరాం. జల్లు కొడుతోందని వదిన చెయ్యి బయటపెట్టి రన్నరును కిందికి లాగింది. ఆఖర్న చెయ్యి లోపలికి తీసుకుని, మిగిలిన కాస్తా వేలితో నెట్టింది. జిప్పు పడింది.

కాసేపటికి వాన తగ్గింది. తెరుద్దామని చూస్తే లోపల నాలిక లేదు.

వదిన తనే నాలిక కరుచుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ప్యాంట్లకూ కోట్లకూ జిప్పులు వేసిన చెయ్యి అది. తొడుక్కున్నవాళ్లు జిప్పును బయటినుంచే లాగుతారు కదా! గుడారంలో మనుషులే లోపల ఉంటారన్న సంగతి ఆవిడకు తట్టనే లేదు. పైగా అది ప్యాంటు రన్నరు. నాలిక వాలిందంటే బిగుసుకుపోతుంది, ఎంత నెట్టినా కదలదు.

"కత్తెర తియ్యి వదినా" అన్నాను.

"ఇవాళ ఒక్కరోజైనా కత్తెర ఇంట్లో పెట్టి రమ్మన్నారుగా మీ అన్నయ్య!"

ఇక మిగిలింది ఆ జానెడు సందు. మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. మాకు తిండి బాగానే ఒంటబట్టింది. మా భుజాలే పట్టేలా లేవు, మిగతా సంగతి చెప్పక్కర్లేదు. జబ్బుచేసి చిక్కిపోయినవాడు అన్నయ్య ఒక్కడే. బోర్లా పడుకుని, పాక్కుంటూ బయటికి పోయాడు.

"ఏమండీ, జిప్పు పైకి లాగండి" అంది వదిన.

జిప్పు కదల్లేదు.

"అన్నయ్యా!"

ఆకుల మీంచి నీటి బొట్లు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. మా పై ప్రాణాలు పైనే పోయాయి. సందులోంచి తొంగిచూస్తే తడి గడ్డి తప్ప ఏమీ కనపడలేదు. బయట పడిపోయి ఉన్నాడనే అనుకున్నాం. వదిన తను కుట్టిన కుట్టునే పళ్లతో కొరికింది, గోళ్లతో చీల్చబోయింది. ఆవిడ కుట్టు ఊడుతుందా? "ఇంత గట్టిగా ఎందుకు కుట్టాను దేవుడా" అని బావురుమంది. నేనూ ఏడ్చాను.

చాలాసేపటికి ఈల వినిపించింది. ఖాళీ బస్సును డిపోకు తోలుకెళ్లేటప్పుడు అన్నయ్య వేసే ఈల అది. జబ్బు చేశాక మళ్లీ వినలేదు. జిప్పు సర్రున పైకి పోయింది. మోకాళ్లదాకా బురదతో ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఎక్కడికెళ్లారు?" వదిన కేక పెట్టింది.

"అలా వాగు మలుపుదాకా వెళ్లొచ్చాను."

"ఒక్కరేనా?"

"మీరిద్దరూ లోపలున్నారు. ఇంకెవరొస్తారు?" అన్నాడు. తర్వాత తడి గడ్డి మీదే కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. "ఇన్నాళ్లూ నేను లేస్తే చాలు, మీ కళ్లన్నీ నా గుండె మీదే. మీ ముఖాలు చూస్తే నాకే భయమేసేది. ఇవాళ చూసేవాళ్లు లేరు. నడిచేశాను."

వదిన ఆయన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. తిట్టినంతసేపూ ఆయన చెయ్యి మాత్రం వదల్లేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అన్నయ్య ముందు, మేం వెనక. కొన్నిసార్లు ఆయన కనపడకుండా పోయేవాడు. మేం కావాలనే పిలిచేవాళ్లం కాదు. ఈ ఎండాకాలం మా అన్నయ్యను మాకు తిరిగిచ్చింది. ఆ వానకూ, ఆ తప్పు జిప్పుకూ, గుడ్డ చాలని ఆ మూలకూ నేను మనసులో రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

ఇవాళే అన్నయ్య డిపోకు వెళ్లాల్సిన రోజు. యూనిఫాం కాస్త వదులైంది. వదిన రాత్రే నడుము బిగించి కుట్టింది. వెళ్లొస్తానని చెప్పి ఆయన గుమ్మం దిగాడు. వదిన అలవాటుగా లేవబోయి ఆగిపోయింది. స్టూలును గిర్రున తిప్పి, కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. చేతిలో ఏ కుట్టూ లేకుండానే మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

గేటు కిర్రుమంది.

"చూడు వదినా, ఎంత దర్జాగా పోతున్నాడో" అన్నాను.

"నేను చూడకూడదు అమ్మాయ్. నువ్వు చెప్పు చాలు."

ఆకులు తొక్కుకుంటూ అన్నయ్య మలుపుదాకా వెళ్లాడు. రెండు చేతులూ కిందికే ఉన్నాయి. మలుపు తిరిగాడు. ఇక కనపడలేదు.

"వెళ్లిపోయాడు" అన్నాను.

మిషన్ ఆగింది. "ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూశారా?"

"లేదు వదినా."

"హమ్మయ్య" అంది వదిన. అని, ఆ వట్టి మిషన్ మీదే తల వాల్చి ఏడ్చేసింది.