మిస్సోరీ పాఠం, పై అంతస్తు అక్క

ఆ ఆదివారం మ్యూనిక్‌లోని మా చిన్న మోర్మన్ క్రైస్తవ సంఘంలో పెద్దల తరగతికి పాఠం చెప్పే వంతు నాది. వారమంతా వృద్ధాశ్రమంలో డ్యూటీ. ఎస్-బాన్ లోకల్ రైల్లో నోట్సు తెరిస్తే కళ్లు మూతలు పడుతున్నాయి.

పాఠం అమెరికాలోని మిస్సోరీ గురించి, దాదాపు రెండొందల ఏళ్ల కిందటి సంగతి. మా తొలి విశ్వాసులు అక్కడ పొలాలు కొని ఇళ్లు కట్టుకుంటే, చుట్టుపక్కలవాళ్లు మావాళ్ల అచ్చుయంత్రం ధ్వంసం చేసి, చలిలో పిల్లలతో సహా నది అవతలికి తరిమేశారు. అది చెప్పి, నా సంగతీ కలిపాను. మా పై అంతస్తులో వేరే క్రైస్తవ సంఘానికి చెందిన తెలుగు అక్క ఉంది. వాళ్లింటి ప్రార్థన కూడికకు మూడేళ్లుగా నన్ను పిలవడం లేదు. రేపు ఇల్లు ఖాళీ చేసి కొలోన్ వెళ్లిపోతోంది. "మనకిది కొత్త కాదు" అన్నాను.

ముందు వరుసలోని జర్మన్ పెద్దావిడ చెయ్యెత్తింది. "మనవాళ్లు ఆ పొరుగువాళ్లతో ఏమన్నారు?"

"ఈ నేల దేవుడు మాకిచ్చాడన్నారు."

"మరి నువ్వు ఆవిడతో ఏమన్నావు?"

నోట్సులోకి చూశాను. తరమడం అన్యాయమే. కానీ మనవాళ్ల కలహాలను దేవుడే మందలించాడని మా లేఖనాల్లో ఉంది. ఆ వచనం నేను చదవకుండా దాటేశాను. మూడేళ్ల కిందట నన్ను పిలిచిన మొదటి కూడికలోనే, అక్క పులిహోర వడ్డిస్తుంటే, "మీ దగ్గరున్నది సగం సత్యమే, పూర్తిది మా దగ్గరుంది" అన్నాను. ఇచ్చిన టీ కప్పు, "మేం ఇలాంటివి ముట్టం" అని వెనక్కి నెట్టాను; మా సంఘంలో టీ, కాఫీలు నిషిద్ధం. నా విశ్వాసానికి సాక్ష్యం చెప్పాననుకున్నాను.

ఆ సాయంత్రం మోకాళ్లు పట్టేసినా మెట్లెక్కాను. తలుపు తీసిన అక్క నన్ను ఎగాదిగా చూసింది.

"ఏంటమ్మా, సగం సత్యం ఇంటికొచ్చావ్?"

"తప్పుగా మాట్లాడాను అక్కా. నా నమ్మకం మారలేదు. కానీ నీ ఇంట్లో, నీ చేతి తిండి తింటూ ఆ మాట అనాల్సింది కాదు."

"ఒక్క అంతస్తు ఎక్కడానికి మూడేళ్లా? లిఫ్ట్ పాడైందా?" అంది. నవ్వలేదు. అడ్డంగా ఉన్న అట్టపెట్టెను కాలితో పక్కకు తోసింది. "రా. కప్పులన్నీ ప్యాక్ చేసేశా. టీ ఎలాగూ తాగవుగా."

సీసాతో నీళ్లిచ్చింది. పెట్టెల మీదే కూర్చున్నాం. ఇద్దరం అలసిపోయి ఉన్నాం.

"ప్రయాణం కదా, ప్రార్థన చేస్తావా?" అంది.

"నువ్వే చెయ్యి అక్కా."

ఆమె చేసింది. చివర నేను ఆమేన్ అన్నాను.