నా గేజి, రత్నమ్మక్క చెవి

2021 డిసెంబరు. హిందూపురంలో నాకు ఏసీలు బాగుచేసే చిన్న షాపు ఉంది. పెనుకొండ, ధర్మవరం దాకా బైకు మీదే తిరుగుతాను. అప్పటికి పదకొండేళ్ల అనుభవం, దానికి తగ్గ పొగరు రెండూ ఉండేవి. ఆ పొగరు దించింది పరిగి దగ్గరి పల్లెలో ఉండే రత్నమ్మక్క, ఆమె పట్టుపురుగులు.

గుడ్లు పొదిగించి, చిన్న పురుగుల్ని సాకి రైతులకివ్వడం ఆమె పని. ఆ ఏడు చలి ఎక్కువని, కనగానపల్లి, సోమందేపల్లి రైతులు ఆరుగురికి మూడో జ్వరం దాకా తానే సాకి ఇస్తానని మాట ఇచ్చింది. పురుగు మేత మాని, కదలకుండా ఉండి పాత పొర విడిచే రోజును మా వైపు జ్వరం అంటారు. పురుగులకు వెచ్చదనం కావాలని తమ పడకగదినే ఇచ్చేసింది. ఆ గదిలో హీట్ పంప్ ఏసీ ఉంది. అంటే ఎండాకాలం చల్లగాలి, చలికాలం వేడిగాలి ఇచ్చే మిషను. మనుషులేమో హాల్లో దుప్పట్లు కప్పుకొని, పురుగులేమో ఏసీలో!

"వేడి కొంచెం తగ్గినట్టుండాది, వచ్చి చూడప్పా" అని ఫోన్ చేసింది. శుక్రవారం నమాజు కాగానే వెళ్లాను. గడప దగ్గరే ఆపేసింది.

"ఆడే నిలబడు! అత్తరు పూసుకొని లోపలికి వస్తాండావా? ఆ వాసనకు నా పురుగులు చస్తాయి."

"మరి మిషను చూడొద్దా అక్కా?"

"బయట డబ్బా ఉండాది కదా, దాన్ని చూడు."

నాకు ఒళ్లు మండింది. ఇంత అనుభవమున్న మెకానిక్కును పురుగుల కోసం వాకిట్లో నిలబెడుతుందా! ఆ కోపంలోనే అవుట్‌డోర్ యూనిట్‌కు గేజి తగిలించాను. గేజి అంటే గ్యాస్ ప్రెషర్ చూపే మీటరు. ముల్లు నాలుగు వందలు దాటింది. చల్లదనానికి నడిచే ఏసీల్లో అదే చోట నూట ముప్పై దగ్గర చూడటం నాకు అలవాటు. మా ఎండల్లో ఏసీని వేడికి నడిపేవాళ్లు ఎవరున్నారు గనక? గ్యాస్ ఎక్కువైందని నాకు నేనే తీర్పు చెప్పేసుకొని, అర నిమిషం పాటు బుస్సుమని బయటికి వదిలేశాను. ముల్లు దిగింది. అయిపోయిందని చెప్పి బండెక్కాను.

ఆదివారం పొద్దున్నే ఫోన్ మోగింది.

"ఏమప్పా ఖాదర్, యాడుండావు? పురుగులు మేత ముట్టుకోలేదు. జ్వరానికి ఇంకా రెండు దినాలుండాది. గది సల్లగుండాది. మధ్యాన్నానికి వేడి రాకపోతే ఆరిళ్ల పంట మట్టిలో కలుస్తాది."

బయల్దేరే ముందు ఆ మిషను మాన్యువల్ తిరగేశాను. వేడికి తిప్పినప్పుడు గ్యాస్ తిరిగే దారే మారిపోతుంది. మామూలుగా చల్లటి గ్యాస్ వచ్చే పైపులోనే అప్పుడు కాగిన గ్యాస్ పోతుంది. అక్కడ ప్రెషర్ మూడింతలు ఉండటం సహజమే. అంటే ఉండాల్సిన గ్యాస్‌నే నేను గాలికి వదిలేశాను.

వాసన సబ్బు కూడా ముట్టకుండా స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకొని వెళ్లాను. గడప బయట బ్లీచింగ్ నీళ్లలో కాళ్లు తడుపుకొని, నిజం చెప్పేశాను.

"అక్కా, మిషను తప్పు కాదు. నేనే చెడగొట్టినా."

ఆమె గడప మీంచి పక్కకు జరిగి దారిచ్చింది. "తిట్టేది తర్వాత తిడతాలే. ముందు పని చూడు."

లోపల ఫిల్టర్ తెరిచి చూద్దును గదా, తెల్లగా పేరుకుపోయి ఉంది. జ్వరం నాడు పురుగుల మీద సున్నపు పొడి చల్లుతారు. అదంతా అక్కడ చేరి గాలిని ఆపేసింది. వేడి తగ్గడానికీ, ప్రెషర్ మరీ పెరగడానికీ అసలు కారణం అదే. శుక్రవారం లోపలికి వచ్చి ఉంటే ఐదు నిమిషాల పని!

ఫిల్టర్ కడిగాను. మిగిలిన గ్యాస్‌ను సిలిండర్‌లోకి లాగి తూచాను. మిషను మీద రాసి ఉన్నది తొమ్మిది వందల యాభై గ్రాములు, మిగిలింది ఆరు వందల ఇరవై. నేను వదిలేసింది పావుకిలో చింతపండు కన్నా కొంచెం ఎక్కువ బరువు, అంతే. పైపుల్లో గాలి, తేమ లేకుండా వ్యాక్యూమ్ పెట్టాను. ఆ గంటసేపూ రత్నమ్మక్క గంగాళాలతో వేడినీళ్లు తెచ్చి గదిలో పెడుతూనే ఉంది. తర్వాత సిలిండర్‌ను తూకం మీద పెట్టి, గ్రాము గ్రాముగా చూసుకుంటూ గ్యాస్ ఎక్కించాను.

మిషను ఆన్ చేసి బయటి యూనిట్ ముందు చెయ్యి పెట్టాను. డిసెంబరు చలి కన్నా చల్లటి గాలి కొట్టింది. ఆ చలిలోంచే వేడిని పిండి లోపలికి పంపుతోంది! పదకొండేళ్లుగా చూస్తున్న మిషనే, ఆ రోజే మొదటిసారి చూసినట్టు నిలబడిపోయాను.

లోపలికి వెళ్తే రత్నమ్మక్క ఒక పురుగుల తట్ట మీదికి వంగి చెవి పెట్టి ఉంది. గోడ మీది థర్మామీటరు ఇంకా పెద్దగా కదల్లేదు.

"తింటాండాయి" అంది.

నేనూ వంగాను. నాకేమీ వినపడలేదు.

"ఊపిరి బిగబట్టు. తొందర పడబాక."

బిగబట్టాను. ఉగ్గాని టిఫినుకు బొరుగులు, అంటే మరమరాలు, నీళ్లలో వేసినప్పుడు సన్నగా చిటచిటమంటాయి చూడండి, అలాంటి చప్పుడు. వేల నోళ్లు ఆకు కొరుకుతున్నాయి. యా అల్లా, ఈ చప్పుడునా నేను అర నిమిషంలో ఆపేసింది!

వారం తర్వాత ఆమే ఫోన్ చేసింది. "ఆరిళ్లకూ పురుగులు చేరినాయప్పా. బాగుండాయి."

"తిట్లు మిగిలినాయి కదక్కా" అన్నాను.

"నన్ను కూడా తిట్టాల కదప్పా. ఆ పొద్దు చెంబెడు నీళ్లిచ్చి, మా ఆయన చొక్కా ఒకటి ఇచ్చింటే నువ్వు లోపలికి వస్తాంటివి."

ఇప్పుడు ముందు ఫిల్టర్ చూస్తాను, మిషను వేడికి నడుస్తోందా చల్లదనానికా అని చూస్తాను, గేజి ఆ తర్వాతే. గ్యాస్ తూచి ఎక్కిస్తాను. శుక్రవారమైనా సరే, అత్తరు పని అయ్యాకే. ఇక "అయిపోయింది" అనే మాట నేను చెప్పడం మానేశాను. ఆ గదిలో ఉండేవాళ్లు చెప్పేదాకా కూర్చుంటాను. నోరులేని జీవాలైతే, వంగి, ఊపిరి బిగబట్టి వింటాను.