నీళ్ళ దగ్గర నిలబడి చూడాలి

మా నాన్న ఏ బడికి వెళ్ళినా ముందు తరగతి గదుల వైపు చూసేవాడు కాదు. నీళ్ళెక్కడున్నాయో కనుక్కుని అక్కడికెళ్ళి నిలబడేవాడు. కృష్ణాజిల్లాలో ఊరి బయటున్న మా పేటలో మిషన్ వాళ్ళు పెట్టిన చిన్న బడిలో పంతులుగా ఉద్యోగమంతా చేసి రిటైరైనవాడు. "ఇన్‌స్పెక్టర్లు రిజిస్టర్లు చూస్తారు, తల్లిదండ్రులు గోడల సున్నం చూస్తారు. ఆటల గంట కొట్టాక నీళ్ళ దగ్గర నిలబడితే బడి సంగతంతా అక్కడే తెలుస్తది" అనేవాడు. ఎవరు ముందు తాగుతున్నారు, ఎవరు ఆగుతున్నారు, ఎవరికి ఎవరు పోస్తున్నారు, ఇదీ ఆయన తనిఖీ.

ఈ విద్య ఆయనకి నా వల్లే అబ్బిందేమో కూడా. పేట బడి అయ్యాక నన్ను ఊళ్ళో హైస్కూల్లో వేశారు. అక్కడ వరండా చివర కుండ ఉండేది. ఊరి పిల్లలు గ్లాసుతో ముంచుకుని తాగేవారు. పేట నుంచి వెళ్ళినవాళ్ళం దోసిలి పట్టి నిలబడితే ఎవరో ఒకరు పైనుంచి పొయ్యాలి. పోసేవాళ్ళకి తీరిక లేకపోతే మాకు దాహం లేనట్టే. ఏడుస్తూ ఇంటికొస్తే నాన్న ఒక టానిక్ సీసా వేణ్ణీళ్ళతో కడిగి, నీళ్ళు నింపి, బిరడా బిగించి నా చేతికిచ్చాడు.

"అడిగి తాగొద్దు," అన్నాడు.

హైస్కూలు చదువంతా ఆ సీసాతోనే గడిచింది. ఎన్నిసార్లు కడిగినా ఆ నీళ్ళకి మందు వాసన పోలేదు. ఆ వాసన తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

అదే మనిషి ఎనభైల మొదట్లో డెట్రాయిట్‌లో మా ఇంటికొచ్చాడు. అమ్మ పోయిన ఏడాది అది. చలి తగ్గాక రమ్మని టికెట్ పంపించాం. నేను ఆస్పత్రిలో నర్సుని. మావారు కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. మాకు ఒకతే కూతురు, మూడో తరగతి. మేం ఆ వీధిలో అద్దెకి దిగినప్పుడు, నల్లవాళ్ళు వస్తున్నారని తెల్లవాళ్ళు ఒక్కొక్కరే సామాన్లు లారీకెక్కిస్తున్నారు. నాన్న వచ్చే నాటికి వీధంతా నల్లవాళ్ళు, మధ్యలో మేము. పక్కింటావిడ సిటీ బస్సు నడిపేది. ఆవిడ మనవరాలూ మా పిల్లా ఒకే క్లాసు. నేను నైట్ డ్యూటీకి వెళ్ళి, మావారు ఆలస్యంగా వచ్చిన రోజుల్లో మా పిల్ల ఆవిడింట్లోనే తిని ఆవిడ సోఫాలోనే పడుకునేది.

అప్పట్లో మా తెలుగు క్రైస్తవులకి అక్కడ గుడి లేదు. నెలకోసారి ఒక్కొక్కరింట్లో ప్రార్థన కూటం పెట్టుకునేవాళ్ళం. ఆమెన్ అన్నాక, కోడికూర పళ్ళాలు చేతికొచ్చాక, మాటలు ఇళ్ళ మీదికీ బళ్ళ మీదికీ మళ్ళేవి. ఎవరూ నల్లవాళ్ళ మాట ఎత్తేవారు కాదు. దేవుని యెదుట అందరూ ఒక్కటేనని అప్పుడే పాడి కూర్చున్నాం కదా! స్కూళ్ళు బాగాలేవు అనేవారు. చెప్పదలుచుకున్నదంతా ఆ ఒక్క మాటలోనే సర్దేసేవారు.

"ఇంకా అక్కడే ఉన్నారేంటి బ్రదర్? మంచి స్కూల్ డిస్ట్రిక్ట్ చూసుకుని మూవ్ అయిపోండి. పిల్ల ఫ్యూచర్ స్పాయిల్ చేసుకుంటారా?" అనేవాడు తెల్లవాళ్ళుండే శివారు ట్రాయ్‌లో ఇల్లు కొనుక్కున్న పెద్దాయన. కూటం మా ఇంటి వంతు వచ్చినప్పుడు మాత్రం ఎవరో ఒకరికి జ్వరం తగిలేది.

మావారికి ఆ మాటలు బుర్రకెక్కాయి. ట్రాయ్ దాటాక ఒక శివారులో ఇల్లు చూసొచ్చారు. అమెరికాలో ఇల్లెక్కడో పిల్లకి బడీ అక్కడే. నేను సంతకం పెట్టనన్నాను.

"మన పేటోళ్ళని ఊళ్ళోవాళ్ళు ఏమనేవాళ్ళో అదే మీరు వీళ్ళని అంటున్నారు," అన్నాను.

"నేను వీళ్ళని ఏమన్నాను? ఈ వీధిని అంటున్నా. చెత్తబండి ఎన్నాళ్ళకొస్తందో చూడు. వీధి దీపాలు చూడు. ఆ బడి కిటికీలు చూడు. పేట ఎట్టుంటదో నాకు తెలీదా? పేటలో పుట్టి నేను పడింది చాలు. సముద్రాలు దాటొచ్చి నా కూతుర్ని మళ్ళీ పేటలోనే పెట్టమంటావా?"

జవాబు లేనప్పుడే నాకు గొంతు పెరుగుతుంది. ఆ వారమంతా ఇంట్లో గిన్నెలు గట్టిగా మోగాయి.

ఇద్దరం బిగుసుకుని కూర్చుంటే ఇంక మధ్యలో నాన్నే దిక్కయ్యాడు. రెండు బళ్ళూ ఆయన చూస్తాడు, ఆయన ఏది చెప్తే అది, అనుకున్నాం. పంతులు కాబట్టి చదువు వైపే చెప్తాడని మావారి ధీమా. టానిక్ సీసా ఇచ్చిన మనిషి కాబట్టి నా వైపే చెప్తాడని నా ధీమా. ఆ ఇల్లు అమ్మేవాళ్ళు ఎక్కువ రోజులు ఆగరు. నా కూతురు ఏ బడిలో కూర్చోవాలో వేసవి సెలవుల్లోపే తేలాలి.

ముందు వీధి చివర ఉన్న మా బడికి తీసుకెళ్ళాను. పగిలిన కిటికీలకి చెక్కలు కొట్టి ఉన్నాయి. గోడకి రెండు ఫౌంటెన్లు, నొక్కితే నీళ్ళు పైకి చిమ్మేవి. వాటిలో ఒకటి పాడై ఎన్నాళ్ళయిందో, దాని నిండా కాగితాలు. గంట కొట్టగానే పిల్లలు ఒక్క ఉరుకున వచ్చి పడ్డారు. తోపులాట, కేకలు. పై తరగతి పిల్ల ఒకతి నడుం మీద చేయి పెట్టుకుని వరస సరిచేస్తోంది. మా పిల్లకి ఫౌంటెన్ అందక మునివేళ్ళ మీద లేస్తుంటే ఆ పిల్ల చంకల కింద చేతులేసి ఎత్తి తాగించింది. దించాక జడ సర్ది పంపింది. అందరూ అదే నీళ్ళకి మూతి పెట్టి, అదే చేత్తో తుడుచుకుని పోతున్నారు. నాన్న మొహం విచ్చుకుంది. నేను గెలిచానని అక్కడే అనుకున్నాను.

తరవాత ఆయన క్లాసు బయట చాలాసేపు నిలబడ్డాడు. అసలు టీచర్‌ని చలికాలంలోనే తీసేశారట. రోజుకొకరు వచ్చి కూర్చుని పోతున్నారు. ఆ రోజు వచ్చినాయన బోర్డు మీద ఏదో రాసి, ఎక్కించుకోమని, పేపరు విప్పుకున్నాడు. మా పిల్లకి భాగహారం రాదన్న సంగతి నాన్న వచ్చిన వారానికే పట్టేశాడు. ఎవరూ చెప్పలేదని ఇప్పుడు కళ్ళారా చూశాడు. పిల్లలు మాత్రం తలలు వంచుకుని బుద్ధిగా రాస్తున్నారు.

"బంగారం లాంటి పిల్లలమ్మా," అన్నాడు బయటికొచ్చాక. "చెప్పేవాళ్ళు లేరు."

సాయంత్రం పక్కింటావిడ మెట్ల మీద కూర్చుని ఉంటే చెప్పాను, ఇల్లు చూస్తున్నామని. దాచి లాభం లేదు, ఏజెంటు కారు మా ఇంటి ముందు ఆగడం ఆవిడా చూసింది.

"బడి కోసమేనా?" అని అడిగింది.

అవునన్నాను.

"మేమూ వెతికాం, ఆ బళ్ళ కోసమే. ఏజెంట్లు మాకు చూపించిన ఇళ్ళన్నీ మళ్ళీ ఇలాంటి వీధుల్లోనే ఉన్నాయి. మీకు చూపిస్తున్నారుగా, వెళ్ళండి," అంది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలని తేలికపడేదాన్ని.

శివారు బడికి మా పిల్లని కూడా తీసుకెళ్ళాం. కొత్తగా చేరబోయేవాళ్ళు ఒక పూట కూర్చుని చూడొచ్చన్నారు. నేల మీద తివాచీలు, గదినిండా పుస్తకాలు, పాటలకి వేరే గది. టీచరమ్మ పిల్లల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్కరి లెక్కా చూసి, తప్పు ఎక్కడ వచ్చిందో చెప్తోంది. నాన్న ఆవిణ్ణి చూస్తూ అలాగే ఉండిపోయాడు. లైబ్రరీలో పుస్తకాల వీపులు వేలితో తడుముకుంటూ నడిచాడు. ఆయన బడిలో పుస్తకాల బీరువా ఒక్కటే, దాని తాళం మేనేజరు దగ్గరుండేది.

గంట మోగింది. ఆయన లేచి ఫౌంటెన్ దగ్గరికి నడిచాడు, నేను వెనకాల. తళతళలాడే స్టీలు, రెండూ పనిచేస్తున్నాయి. పిల్లలు వరస తప్పకుండా నిలబడ్డారు. మా పిల్ల తన వంతు రాగానే తాగింది. వెనకనున్న పిల్లవాడు స్వెట్టర్ చేతిని అరచేతి మీదికి లాక్కుని ఆ కుళాయి మూతి తుడిచాడు. తుడిచి కూడా తాగలేదు, పక్క ఫౌంటెన్‌కి మారాడు. వాడి వెనకవాళ్ళు కూడా ఒక్కొక్కరే పక్క వరసలోకి జరిగారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు. టీచర్లెవరూ చూడలేదు. కాసేపటికి ఒక ఫౌంటెన్ దగ్గర అంత వరస, రెండోదాని దగ్గర ఒక్కరూ లేరు.

నాన్న చూశాడు. ఆయన చూడ్డం నేను చూశాను. మా పిల్ల మూతి తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చి, "తాతా, వాటర్ చాలా కోల్డ్!" అంది.

కార్లో తిరిగొస్తుంటే నాకు కోపంగా ఉన్నా, ఒక మూల సంతోషం కూడా ఉంది. అవును, సంతోషమే. ఇంక చెప్పడానికేముంది, ఆ ఇంటి మాట ఇవాళ్టితో సరి అనుకున్నాను.

మావారు ఆఫీసు నుంచి వచ్చి బూట్లయినా విప్పకుండా అడిగారు. "ఎట్టా ఉంది మావయ్యగారూ బడి?"

"మంచి బడి బాబూ. ఆ ఇల్లు తీసుకోండి," అన్నాడు నాన్న.

ఆయన వంటగదిలోకి వచ్చేదాకా ఆగాను.

"నాన్నా, నువ్వు చూశావు కదా."

"చూశానమ్మా."

"చూసి కూడా పంపమంటావా?"

ఆయన సింక్ దగ్గర గ్లాసు నింపుకుని, తాగకుండా గట్టు మీద పెట్టాడు.

"ఇక్కడి బళ్ళో చదువు లేదు. అక్కడి బళ్ళో నీళ్ళు లేవు. నీళ్ళంటే ఇంటికాడ్నించి పంపుకోవచ్చు. చదువెక్కడ్నించి పంపుతావే?"

ఆ రాత్రి నేను అన్నం తినలేదు. ఆయన మీద కోపం, మావారి మీద కోపం, ఆ స్వెట్టర్ పిల్లవాడి మీద అయితే చెప్పనే అక్కర్లేదు. వాడికి తొమ్మిదేళ్ళుంటాయేమో. అంతకంటే కోపం, నాన్న మాటలో తప్పు దొరకనందుకు. సంతకం పెట్టాను.

ఆగస్టులో సామాన్లెక్కించాం. పక్కింటావిడ మా పిల్లని ముద్దు పెట్టుకుని, మనవరాలి చేతులు పట్టుకుని లోపలికి తీసుకుపోయి తలుపేసుకుంది. మమ్మల్ని చూసి, మేం వచ్చిన రోజుల నాటి లారీలు గుర్తొచ్చి ఉంటాయి ఆవిడకి. నాకైతే గుర్తొచ్చాయి.

కొత్త బడి తెరిచేముందు నాన్న మావారితో దుకాణానికి వెళ్ళి ఎర్రమూత ఫ్లాస్క్ ఒకటి కొనుక్కొచ్చాడు. పొద్దున్నే లేచి, వేణ్ణీళ్ళతో కడిగి, నీళ్ళు నింపి, మూత బిగించి మనవరాలి సంచిలో పెట్టాడు.

"స్కూల్‌లో వాటర్ ఉంది కదా తాతా?"

"ఉంటే ఉండనీ తల్లీ. ఇంటినీళ్ళు మంచియి."

అది తలూపింది. రోజూ సాయంత్రం బస్సు దిగేచోట నాన్న కాచుకుని ఉండేవాడు. "తాగావా?" అంటే, "తాగా తాతా," అనేది. ఫ్లాస్క్ తీసి ఊపి చూసుకుని, ఖాళీగా ఉంటే ఆయన మొహంలో తృప్తి. పిల్ల మాత్రం ఇంట్లోకి వస్తూనే సింక్ దగ్గరికెళ్ళి రెండు గ్లాసులు గటగటా తాగేది. ఆటలాడి వస్తుందిలే అనుకునేదాన్ని. భాగహారం వచ్చేసింది, పెద్ద పుస్తకాలు చదువుతోంది. ఆయన చెప్పిందే నిజమైందని, గొణుక్కుంటూనే, ఒప్పుకున్నాను కూడా. ఆకులు రాలేవేళకి నాన్న ఊరెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళిన మర్నాడు సాయంత్రం సంచి సర్దుతుంటే ఫ్లాస్క్ బరువుగా తగిలింది. మూత తీస్తే అంచుదాకా నీళ్ళు. పొద్దున్న నేను పోసినవే.

"ఇవాళ తాగలేదే?" అని అడిగాను.

అది సింక్ దగ్గర గ్లాసు నింపుకుంటోంది. "రోజూ తాగను అమ్మా. బస్ ఎక్కేముందు స్కూల్ పక్కన బుష్‌లో పోసేస్తా. తాతయ్య శాడ్ అవుతాడు కదా. ఇప్పుడు తాతయ్య లేడు."

"ఎందుకు తాగవు?"

"అందరూ అడుగుతారు, ఎందుకు వాటర్ తెచ్చావ్ అని." నిజమే. ఆ రోజుల్లో అమెరికాలో ఎవరూ నీళ్ళు సంచిలో మోసుకుని తిరిగేవారు కాదు.

"మరి ఫౌంటెన్ దగ్గర తాగొచ్చుగా?"

నోట్లోంచి వచ్చేసింది ఆ మాట. అది గ్లాసు దించి నా వైపు తిరిగింది. తొమ్మిదేళ్ళ పిల్ల, నేనేదో తెలివితక్కువగా అడిగినట్టు చూసింది.

"నువ్వు కూడా చూశావ్ కదా అమ్మా, ఆ రోజు. తాతయ్య కూడా చూశాడు. అందుకే నేను కోల్డ్ అని చెప్పా."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "దాహం వెయ్యదా తల్లీ?" అని అడిగాను.

"ఫస్ట్ వేసేది. ఇప్పుడు హ్యాబిట్ అయిపోయింది," అంది, రెండో గ్లాసు నింపుకుంటూ.

మావారికి ఆ రాత్రే చెప్పాను. ఆయన చేతులు చూసుకుంటూ కూర్చుని, లేచి వెళ్ళి పడుకున్నారు. నాన్నకి చెప్పలేదు. ఆయన పోయేదాకా చెప్పలేదు. బడి మార్చలేదు, మార్చడానికి ఇంకో బడి ఎక్కడుంది గనక? మర్నాడు పొద్దున్నే లేచి, ఫ్లాస్క్ వేణ్ణీళ్ళతో కడిగి, నీళ్ళు నింపి, మూత బిగించి సంచిలో పెట్టాను. సాయంత్రం నిండుగానే తిరిగొచ్చింది.